ఒకే తరగతి, ఇద్దరు టీచర్లు: ఇంగ్లండు ప్రాథమిక బడుల్లో జాబ్ షేర్

బుధవారం పొద్దున హాజరు పిలిచింది ఒక టీచరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అదే కుర్చీలో కూర్చుని కథ చదివేది ఇంకో టీచరు. పిల్లలకు ఇందులో వింతేమీ కనిపించదు. సోమ, మంగళవారాలు ఈవిడ, గురు, శుక్రవారాలు ఆవిడ, బుధవారం చెరో పూట అని సెప్టెంబరులో బడి తెరిచిన కొద్ది రోజులకే వాళ్లకు కంఠతా వచ్చేస్తుంది. తికమక పడేది పెద్దవాళ్లే. 'మా వాడి క్లాస్ టీచరు ఎవరండీ?' అని అడిగితే బడివాళ్లు రెండు పేర్లు చెప్పినప్పుడు, కొత్తగా అక్కడికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు ఓ క్షణం ఆగిపోవడం సహజం.

ఒక పూర్తికాలపు ఉద్యోగాన్ని ఇద్దరు కలిసి చేస్తూ, జీతాన్నీ బాధ్యతనూ చేసిన పని మేరకు పంచుకునే ఈ ఏర్పాటు పేరు జాబ్ షేర్. మామూలు పార్ట్‌టైమ్‌కూ దీనికీ తేడా ఉంది. హైస్కూలుకు వారంలో మూడు రోజులే వచ్చే లెక్కల టీచరు తన పీరియడ్లు తాను చెప్పుకుని వెళ్తుంది; ఆమె సెక్షన్లు ఆమెవే. ప్రాథమిక బడిలో అలా కుదరదు. అక్కడ ఒక గది, ముప్పై మందికి అటూ ఇటూగా పిల్లలు, ఒక టీచరు. చదవడం, రాయడం, లెక్కలు, సైన్సు, చరిత్ర, బొమ్మలు, ఆటలు చాలావరకు ఆ ఒక్కరివే. ఎవరికి భాగహారం తేలలేదు, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదు, పొద్దున ఎవరు ఏడుస్తూ వచ్చారు అన్నదంతా ఆమె తలలో ఉంటుంది. ఆ స్థానంలో ఇద్దరిని పెట్టినప్పుడు పీరియడ్లు తేలిగ్గానే పంచవచ్చు. తలలో ఉన్నది పంచడం దగ్గరే చిక్కంతా. జాబ్ షేర్లు నిలబడేదీ కూలబడేదీ అక్కడే.

పెళ్లయితే ఉద్యోగం పోయిన రోజుల నుంచి

ఈ ఏర్పాటు వెనక ఆడ టీచర్ల చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో బ్రిటన్‌లోని అనేక స్థానిక విద్యాధికార సంస్థలు పెళ్లి చేసుకున్న టీచరమ్మను ఉద్యోగం నుంచి తప్పించేవి. లండన్ కౌంటీ కౌన్సిల్ 1935లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఇంగ్లండు, వేల్స్ అంతటా అది పోయింది 1944 విద్యా చట్టంతో. పక్కనున్న ఐర్లండు మాత్రం సరిగ్గా ఆ కాలంలోనే, 1934లో, ప్రాథమిక టీచర్ల మీద కొత్తగా అదే నిషేధం పెట్టి 1958 దాకా లాక్కొచ్చింది. యుద్ధం ముగిశాక పిల్లల సంఖ్య పెరిగి టీచర్లు చాలకపోవడంతో, పెళ్లయి ఇంట్లో ఉండిపోయిన పాత టీచర్లను మళ్లీ రమ్మని బ్రిటన్ ప్రభుత్వమే 1960ల్లో పిలవాల్సి వచ్చింది. వచ్చినవాళ్లలో చాలామందికి వారమంతా కుదరదు. అందుకని పూట పనులు, రెండు రోజుల పనులు పుట్టుకొచ్చాయి.

అయితే ఆనాటి పార్ట్‌టైమ్ అంటే ప్రమోషను ఆశలేని, పింఛను సరిగా దక్కని అరకొర పని. 'అరకొర పనులు మాకెందుకు, సక్రమమైన ఉద్యోగంలో సగం ఇవ్వండి' అన్న వాదన నుంచి జాబ్ షేరింగ్ అన్న మాట 1970ల్లో అమెరికాలోనూ, ఆ వెనకే బ్రిటన్‌లోనూ వ్యాప్తిలోకి వచ్చింది. చట్టం దానికి అండగా నిలబడింది మాత్రం చాలా ఆలస్యంగా. పార్ట్‌టైమ్ ఉద్యోగులను తక్కువగా చూడకూడదనే నిబంధనలు 2000 జులైలో అమలయ్యాయి. పనివేళలు మార్చమని అడిగే హక్కు 2003 ఏప్రిల్‌లో, అదీ చిన్నపిల్లల తల్లిదండ్రులకే వచ్చింది. 2014 జూన్ చివర నుంచి 26 వారాల సర్వీసున్న ఉద్యోగులందరికీ విస్తరించింది. 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే అడగవచ్చు, ఏడాదిలో రెండుసార్లు అడగవచ్చు, యాజమాన్యం రెండు నెలల్లోగా తేల్చాలి. గమనించాల్సింది ఒకటుంది. ఇది అడిగే హక్కు, పొందే హక్కు కాదు. అదనపు ఖర్చు, పని నాణ్యత దెబ్బతినడం, తగిన మనిషి దొరక్కపోవడం వంటి ఎనిమిది కారణాల్లో ఏదో ఒకటి చూపి హెడ్‌టీచరు కాదనవచ్చు.

ఇంగ్లండు ప్రాథమిక బడుల్లో టీచర్లలో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా స్త్రీలే. దేశంలోని మొత్తం టీచర్లలో దాదాపు నాలుగో వంతు పార్ట్‌టైమ్‌లో ఉన్నారు. ప్రసవం సెలవు ముగించుకుని వచ్చేవాళ్లు, పెద్ద వయసు తల్లిదండ్రులను చూసుకునేవాళ్లు, పదవీ విరమణకు దగ్గరపడి మెల్లగా తగ్గించుకునేవాళ్లు వీరిలో కనిపిస్తారు. సగం పని ఇవ్వకపోతే వీళ్లలో కొందరు మొత్తానికే మానేస్తారన్న భయం విద్యాశాఖను కదిలించింది. 2019 జనవరిలో ప్రకటించిన టీచర్ల నియామక వ్యూహంలో, జాబ్ షేరుకు జోడీ వెతుక్కునే వాళ్ల కోసం ఆన్‌లైన్ వేదిక పెడతామని ప్రభుత్వం చెప్పింది. పెళ్లిళ్ల పేరయ్య పనిని విద్యాశాఖ నెత్తికెత్తుకోవడం ఓ ముచ్చట.

రోజుల లెక్క

వారంలో ఐదు రోజులు; రెండు సమ భాగాలు చేయాలంటే బుధవారాన్ని కోయాల్సిందే. మధ్యాహ్నం మారే పద్ధతిలో ఒక మేలుంది: భోజన విరామంలో ఇద్దరూ ఎదురుపడతారు. మూడు రోజులు ఒకరు, రెండు రోజులు మరొకరు అన్నది ఇంకో పద్ధతి. ఇందులో ఎవరూ ఎదురుపడరు. ఒక వారం మూడు, మరో వారం రెండు చొప్పున తిప్పుకునేవాళ్లూ ఉన్నారు కానీ పసిపిల్లల్ని క్రెష్‌లో వదిలే తల్లికి ఆ లెక్క కుదరదు. క్రెష్‌వాళ్లు ఏ వారానికి ఆ వారం రోజులు మార్చరు. అన్నిటికన్నా సుఖమైనది ఇద్దరూ చెరి మూడు రోజులు రావడం. అంటే ఒక రోజు ఇద్దరూ ఉంటారు. అప్పుడు బడి ఒక ఉద్యోగానికి ఒకటింబావు దాకా, లెక్కగా చెప్పాలంటే 1.2 జీతం ఇవ్వాలి. కాబట్టి అది అరుదు.

ఇంగ్లండులోని చాలా ప్రభుత్వ బడుల్లో టీచర్ల జీతాలు, షరతులు ఒక జాతీయ పత్రం ప్రకారం నడుస్తాయి. దాని లెక్కన పూర్తికాలపు టీచరు ఏడాదికి 195 రోజులు పని చేయాలి. అందులో 190 రోజులు పిల్లలతో, 5 రోజులు శిక్షణకు. హెడ్‌టీచరు చెప్పిన పనికి కేటాయించగల సమయం 1265 గంటలు. 1987లో, సుదీర్ఘమైన టీచర్ల ఆందోళన చివర పుట్టిన అంకె అది, నేటికీ మారలేదు. సగం ఉద్యోగికి 632.5 గంటలు, మూడు రోజుల ఉద్యోగికి 759. స్టాఫ్ మీటింగులు, తల్లిదండ్రుల సమావేశాలు అన్నీ ఈ గంటల్లోనే ఇమడాలి. పైగా పార్ట్‌టైమ్ టీచరును తన పనిరోజు కాని రోజున రమ్మని ఒత్తిడి చేయకూడదు.

రూలు బాగుంది. వాస్తవంలో స్టాఫ్ మీటింగు మంగళవారం సాయంత్రమైతే గురు, శుక్రవారాల టీచరుకు ఏ కబురూ అందదు. ఆమె వస్తే జీతం లేని పని, రాకపోతే తెలియనితనం.

2005 సెప్టెంబరు నుంచి ప్రతి టీచరుకూ బోధన సమయంలో కనీసం 10 శాతం, పాఠాలు సిద్ధం చేసుకోవడానికీ పుస్తకాలు దిద్దడానికీ కేటాయించాలి. పూర్తికాలపు టీచరుకు అది సుమారు ఒక పూట. ఇద్దరి మధ్య పంచితే చెరి గంటా పావు వస్తుంది. ఆ సమయంలో తరగతిని చూసుకునేది మూడో మనిషి, సీనియర్ సహాయకురాలో ఆటల కోచో. తెలివైన హెడ్‌టీచర్లు ఈ గంటా పావును బుధవారం భోజన విరామానికి అటొకటి ఇటొకటి పెడతారు. ఒకరిది విరామానికి ముందు, మరొకరిది తర్వాత వచ్చేలా చూస్తే, పైసా ఖర్చు లేకుండా ఇద్దరికీ కూర్చుని మాట్లాడుకునే వీలు దొరుకుతుంది. టైంటేబుల్ వేసేటప్పుడు ఈ ఒక్క సంగతి మరిచిపోయిన బడుల్లో ఆ మాటలు రాత్రి తొమ్మిదింటికి, పిల్లల్ని పడుకోబెట్టాక, వాట్సాప్‌లో జరుగుతాయి.

చార్జి అప్పగింత

మన ఆఫీసుల్లో బదిలీ అయినవాళ్లు చార్జి అప్పగించడం జీవితంలో పదిసార్లో పదిహేనుసార్లో జరుగుతుంది. జాబ్ షేర్ టీచరు ఏడాదిలో ముప్పై తొమ్మిది వారాలూ చార్జి ఇస్తూ, పుచ్చుకుంటూ ఉంటుంది. ఏం అప్పగించాలి? ఏ పేజీ దాకా అయిందో సిలబస్ కాగితమే చెబుతుంది. ఆ మాటకొస్తే వైట్ రోజ్ మ్యాథ్స్, రీడ్ రైట్ ఇంక్ లాంటి మెట్టుమెట్టుగా రాసిపెట్టిన పథకాలు వాడే బడుల్లో జాబ్ షేర్ సులువు. సోమవారం ఏడో మెట్టు అయితే మంగళవారం ఎనిమిదో మెట్టు, ఎవరు ఎక్కించినా ఒకటే. కాగితం చెప్పనివే అప్పగించాలి. భిన్నాలు ఆరుగురికి అసలు ఎక్కలేదు. కిటికీ పక్క బల్ల మీది ఇద్దరికీ పొద్దున గొడవైంది. ఒక పిల్లవాడి నానమ్మ పోయింది. ఒకమ్మాయి కళ్లజోడు విరిగింది, కొత్తది వచ్చేదాకా ముందు వరసలో కూర్చోవాలి.

కొన్ని జంటలు ఇందుకు ఒక నోటుబుక్కు పెట్టుకుంటాయి, కొన్ని షేర్డ్ ఫైలు. పుటలు నింపే అలవాటు మొదటి నెల ఉత్సాహంగా సాగి అక్టోబరు సెలవులకల్లా నీరసిస్తుంది. నిలబడేది పొట్టి అప్పగింతే: మిగిలిపోయిన పాఠం, దిద్దాల్సిన పుస్తకం, చూడాల్సిన పిల్లలు, తల్లిదండ్రుల కబురు; అర పేజీ దాటకూడదు. చాలా తరగతుల్లో వారమంతా ఉండే టీచింగ్ అసిస్టెంటు ఒకరుంటారు. ఆమె జీతం ఈ ఇద్దరికన్నా బాగా తక్కువ. కానీ సోమవారానికీ శుక్రవారానికీ మధ్య నడిచే జ్ఞాపకం ఆమే. జాబ్ షేర్ గురించి మాట్లాడేవాళ్లు ఈమెను తరచూ లెక్కలోకే తీసుకోరు, అది అన్యాయం.

ఒక విషయంలో మాత్రం నోటుబుక్కు సరిపోదు. పిల్లల రక్షణ గురించి ఏ అనుమానమొచ్చినా అప్పటికప్పుడే బడిలోని బాధ్యురాలికి చెప్పి, రికార్డు చేయాలన్నది ఇంగ్లండులో అన్ని బడులకూ వర్తించే నియమం. జాబ్ షేర్‌లో దీని బరువు ఇంకా ఎక్కువ. సోమవారం ఒక పిల్లవాడు ఆకలితో వచ్చాడు. ఈ టీచరు బిస్కెట్లు ఇచ్చి ఊరుకుంది. గురువారం మాసిన చొక్కాతో వచ్చాడు. ఆ టీచరు పెద్దగా పట్టించుకోలేదు. వారమంతా ఒకరే ఉంటే రెండూ కలిపి చూసేవారు. ఇద్దరు ఉన్నప్పుడు చెరో సగం చూస్తారు, ఏ సగమూ అనుమానం కలిగించేంత పెద్దది కాదు. ఇలాంటి చిన్న గుర్తులన్నిటినీ రాసిపెట్టే ఎలక్ట్రానిక్ రికార్డు ఇప్పుడు చాలా బడుల్లో ఉంది. దాన్ని ఇద్దరూ నిజంగా తెరిచి చదవాలి.

పుస్తకాలు దిద్దడం దగ్గర తగవులు మొదలవుతాయి. మంగళవారం సాయంత్రం రాయించిన వ్యాసాలు ఎవరు దిద్దాలి? 'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అన్న సామెత ఈ పుస్తకాల దొంతర గురించే పుట్టిందా అనిపిస్తుంది. చెప్పినవాళ్లే, బడి గేటు దాటకముందే దిద్దాలన్న నియమం మొదటి రోజే పెట్టుకున్న జంటలకు ఈ బాధ లేదు.

సోమవారం మనిషి, శుక్రవారం మనిషి

రోజులన్నీ సమానం కావు. సోమవారం పిల్లలు తాజాగా వస్తారు, కొత్త పాఠం ఎక్కుతుంది. శుక్రవారం మధ్యాహ్నానికి తరగతి మరిగిన పాలలా ఉంటుంది. ఇంగ్లీషు చదువు, లెక్కలు రోజూ ఉండాల్సిందే కాబట్టి వాటిని ఇద్దరూ చెబుతారు. మిగిలినవి పంచుకుంటారు, చరిత్ర, భూగోళం ఒకరికి, సైన్సు, బొమ్మలు మరొకరికి. ఇక్కడ జాగ్రత్తపడకపోతే ఒకరు ఎప్పుడూ బుర్ర పనులు చేయించే కటువైన టీచరుగా, మరొకరు రంగులు, మట్టి, ఆటలు తెచ్చే సరదా టీచరుగా పిల్లల మనసుల్లో పడిపోతారు.

తనిఖీల భారం కూడా సమానంగా పడదు. 1992లో ఏర్పడిన తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్, 2024 సెప్టెంబరు నుంచి మామూలు తనిఖీలకు సోమవారం ఫోను చేసి చెబుతోంది. తనిఖీ మర్నాటి నుంచే. అంటే పూర్వార్ధం టీచరుకు గుండెదడ, ఉత్తరార్ధం టీచరుకు ఫలితం వినడం. పరీక్షల్లోనూ ఇంతే. ఒకటో ఏడాది పిల్లలకు జూన్‌లో అక్షర ధ్వనుల పరీక్ష, నాలుగో ఏడాదిలో ఎక్కాల పరీక్ష, ఆరో ఏడాది మే నెలలో జాతీయ పరీక్షలు ఉంటాయి. జాబ్ షేర్ జంటలను ఆరో ఏడాదికి వేయడానికి చాలామంది హెడ్‌టీచర్లు జంకుతారు. ఫలితాలు తగ్గితే ఇద్దరిలో ఎవరిని అడగాలన్నది వాళ్ల భయం. ఒక ఒరలో రెండు కత్తులని అనుకుంటారు కాబోలు. నిజానికి లెక్కలు బాగా చెప్పే ఒకరు, రాత బాగా నేర్పే మరొకరు దొరికితే ఆరో ఏడాదికే ఎక్కువ లాభం.

పిల్లలు మాత్రం ఇద్దరి మధ్య సందు చాలా త్వరగా పసిగడతారు. 'ఆ టీచరైతే ఒప్పుకునేది' అన్న మాట వినని జాబ్ షేర్ టీచరు ఉండదు. మాట్లాడే ముందు చెయ్యెత్తాలా వద్దా, నీళ్లు తాగడానికి ఎప్పుడు లేవచ్చు, పెన్సిలు చెక్కుకోవడానికి అడగాలా అన్న చిల్లర విషయాల్లో ఇద్దరూ అక్షరాలా ఒకేలా ఉండాలి. బోధనలో ఎవరి శైలి వారిది ఉన్నా పిల్లలు సర్దుకుంటారు. నియమాల్లో తేడా ఉంటే వాడుకుంటారు.

తల్లిదండ్రుల విషయంలో మొదటి సమావేశానికి ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం మంచి పద్ధతి. ఆ తర్వాత పంచుకోవచ్చు. జులైలో ఇంటికి పంపే రిపోర్టులు చెరి పదిహేను రాసేవాళ్లున్నారు, సబ్జెక్టులవారీగా విడగొట్టేవాళ్లూ ఉన్నారు. రెండో పద్ధతిలో ఒకే పిల్లవాడి గురించి రెండు గొంతులు వినిపిస్తాయి, చదివేవాళ్లకు ఇబ్బంది.

డబ్బు, ఒప్పందం, విడిపోవడం

2024-25లో లండన్ బయట కొత్త టీచరు కనీస జీతం ఏడాదికి 31,650 పౌండ్లు. సగం ఉద్యోగానికి 15,825. ఇద్దరూ ఒకే మెట్టులో ఉండాలని లేదు. ఒకరు ఇరవై ఏళ్ల అనుభవమున్నవారైతే ఆమె సగం జీతం ఆమె మెట్టు ప్రకారమే ఉంటుంది. జాబ్ షేర్ ఖరీదైనదని పాలకవర్గాలు అనుకుంటాయి గానీ ఒక చోట ఖర్చు తగ్గుతుంది కూడా. యజమాని కట్టే జాతీయ బీమా చందా 2025 ఏప్రిల్ నుంచి ప్రతి ఉద్యోగి జీతంలో మొదటి 5,000 పౌండ్లు దాటిన మొత్తం మీద 15 శాతం. ఇద్దరు ఉద్యోగులుంటే ఆ మినహాయింపు రెండుసార్లు వస్తుంది, అంటే ఏడాదికి 750 పౌండ్లు తక్కువ. బుధవారం ఇద్దరికీ కలిపి ఒక గంట అదనపు జీతం ఇవ్వడానికి ఆ మొత్తం కొంత ఆసరా. ఆ గంటకు డబ్బు పెట్టే బడుల్లో జాబ్ షేర్లు ఏళ్ల తరబడి నడుస్తాయి. టీచర్ల మంచితనానికి వదిలేసిన చోట ఒక జీతానికి ఒకటిన్నర పని చేసి ఇద్దరూ అలిసిపోతారు.

ఇద్దరికీ విడివిడి ఒప్పందాలుంటాయి. ఒకరికి జబ్బు చేస్తే రెండో ఆమె రావాలన్న బాధ్యత లేదు. వస్తే అదనపు జీతం, పిల్లలకు తెలిసిన ముఖం, బడికి తాత్కాలిక టీచరును పంపే ఏజెన్సీ ఖర్చు మిగులు. ఒకరు ఉద్యోగం మానేస్తే సాధారణంగా మిగిలిన సగాన్ని ముందు రెండో ఆమెకే ఇవ్వజూపుతారు. ఆమె వద్దంటే కొత్త జోడీ కోసం ప్రకటన. ఏడాది మధ్యలో సగం ఉద్యోగానికి మనిషి దొరకడం కష్టం. పాలకవర్గాల అసలు భయం ఇదే. విడిపోతే ఏం చేయాలో చేరేటప్పుడే రాసుకోవడం మొహమాటంగా అనిపిస్తుంది, అయినా రాసుకోవాలి.

ఇతర దేశాల్లో

నెదర్లాండ్స్‌లో ఇది వింతే కాదు. అక్కడి ప్రాథమిక టీచర్లలో ఎక్కువమంది పార్ట్‌టైమే, పంచుకున్న ఉద్యోగానికి 'దూఓబాన్' అని వాడుక మాట కూడా ఉంది. పనిగంటలు తగ్గించుకునే హక్కుకు 2000లోనే అక్కడ ప్రత్యేక చట్టం వచ్చింది. అందువల్ల ఎవరితోనూ పంచుకోని క్లాస్ టీచరే కొన్ని బడుల్లో అరుదుగా కనిపిస్తుంది. ఐర్లండులో జాబ్ షేర్ విద్యాశాఖ సర్క్యులర్ ప్రకారం నడిచే పథకం. సగం సగం వాటా, ఏటేటా దరఖాస్తు, బడి పాలకవర్గం అనుమతి. ఒకప్పుడు పెళ్లయిన టీచరును ఇంటికి పంపిన దేశం అది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో సగం పోస్టన్నది లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, టీచరుకు వారానికి సన్నాహంతో కలిపి 45 గంటలు అని రాసింది. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలంది. ఆచరణలో ఎన్నో ఊళ్లలో ఒకే టీచరును ఐదు తరగతులు పంచుకుంటున్నాయి, అంటే ఇంగ్లండు లెక్కకు సరిగ్గా తలకిందులు. కుటుంబ అవసరాలను ఇక్కడి వ్యవస్థ సెలవులతో, బదిలీల్లో స్పౌజ్ పాయింట్లతో తీరుస్తుంది. ప్రసూతి సెలవు 180 రోజులు. పిల్లల సంరక్షణ సెలవు తెలంగాణలో 90 రోజులు. ఆంధ్రప్రదేశ్‌లో 60 రోజులుగా మొదలై 2022లో 180కి పెరిగింది. అవి అయిపోయాక ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) ముందున్నవి రెండే దారులు: పూర్తి పని, లేదా జీతం లేని సెలవు.